నీచు అనే మాట

డెబ్భైల మొదట్లో నాకు మొదటి ఉద్యోగం కొల్లేరుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో వచ్చింది. హైస్కూల్లో తెలుగు, సోషల్ రెండూ చెప్పాలి. నేను పుట్టి పెరిగింది విజయవాడ వన్ టౌన్‌లో. మా నాన్న అక్కడే ఒక ఇరుకు సందులో పుస్తకాలకు బైండింగ్ చేసేవారు. రైతుల ఊళ్ళో ఎలా మెలగాలో, ఎవరి ముందు ఎంత మాట్లాడాలో నాకు తెలియదు. ఊరి చివర ఒక పెంకుటింట్లో గది అద్దెకు తీసుకుని చేరిపోయాను.

నాకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. పిల్లల్లో ఎక్కువమంది ఆ ఊరి రైతుల పిల్లలు. కొల్లేటి మధ్యలో ఉన్న చేపలవాళ్ళ ఊరి నుంచి ఒకే ఒక్క అమ్మాయి వచ్చేది. ఆ ఊరి మొత్తం మీద ఎనిమిది దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. కొంత దూరం దోనె మీద, మిగతా దూరం గట్టు మీద నడిచి వచ్చేది. ఆడపిల్లల వరసలో చివరి బెంచీ ఆ పిల్ల ఒక్కదానిదే. ముందు బెంచీల్లో నలుగురేసి ఇరుక్కుని కూర్చునేవాళ్ళు కానీ ఎవరూ వెనక్కి వెళ్ళేవారు కాదు. ఇద్దరిని లేపి అక్కడ కూర్చోమన్నాను. కూర్చున్నారు. నేను బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ పాత చోట్లోనే ఉన్నారు.

రెండు మూడు రోజులకు ఆ పిల్లను వాళ్ళు ఏమని పిలుస్తున్నారో నా చెవిన పడింది. "నీచు వచ్చిందే" అని ఒకతె అంటే తక్కినవాళ్ళు ముక్కులకు పైట చెంగులు, పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. పచ్చి చేప వాసనను మనం నీచు అంటాం. అది తిట్టు కాదు, వంటింటి మాట. కానీ ఒక మనిషికి పేరుగా పెట్టి, చివర కొంచెం సాగదీస్తే అది నీచం అన్నట్టే వినిపిస్తుంది. పిల్లలకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే సాగదీసేవాళ్ళు. వాళ్ళిళ్ళల్లో ఆదివారం కొరమీను పులుసు లేనిది ముద్ద దిగదని కూడా నాకు తెలుసు.

గట్టిగా కోప్పడ్డాను. దాంతో నా ముందు ఆ మాట ఆగిపోయింది. నేను గది దాటగానే మళ్ళీ వినబడేది, ఈసారి ఇంకొంచెం మెల్లగా, ఇంకొంచెం సాగదీసి. ఆ అమ్మాయి తల ఎత్తేది కాదు. ఏడ్చేదీ కాదు. పలక మీద గీతలా మూసుకున్న ఆ పెదాలు చూస్తే నాకు భయం వేసేది. ఈ పిల్ల ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా మానేస్తుందని.

తిట్టి లాభం లేదనిపించింది. శనివారం చివరి పీరియడ్‌లో కథలు చదువుతానని హెడ్మాస్టర్ గారిని అడిగాను. "పరీక్షలకు అడ్డం రాకుండా చూసుకోమ్మా" అన్నారాయన. నా ట్రంకు పెట్టెలో మా నాన్న ఇచ్చిన పుస్తకాలు ఉండేవి. బైండింగ్‌కి ఇచ్చి తిరిగి తీసుకెళ్ళనివి, గోడౌన్లలో చిత్తు కాగితాల కింద అమ్మేసినవి. అందులో తెలుగులోకి తెచ్చిన పరదేశపు కథల పుస్తకం ఒకటి. మొదటి పేజీలు చిరిగిపోయాయి కాబట్టి రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. అమెరికాలో ఒక నల్లజాతి పిల్లను తెల్లవాళ్ళ బడిలో మొదటిసారి చేర్చుకుంటారు. ఆ పిల్ల బడికి నడిచే దారిలో జనం రెండు వైపులా నిలబడి అరుస్తారు. తరగతిలో ఎవరూ పక్కన కూర్చోరు. ఆ పిల్ల కథ అది.

కొన్ని శనివారాల పాటు చదివాను. కిటికీ అవతల కాలువ గట్టు మీద ఎడ్ల బండ్లు పోతున్నా పిల్లలు తల తిప్పేవారు కాదు. తెల్లపిల్లలు ఆ అమ్మాయి భోజనం డబ్బాలో మట్టి పోసిన చోట మగపిల్లలు పళ్ళు కొరికారు. "అంత పాపిష్టోళ్ళా టీచర్ వాళ్ళు?" అని అడిగాడొకడు. బడి కమిటీ ప్రెసిడెంటు గారి కూతురు మొదటి బెంచీలో కూర్చునేది. ఆ పిల్ల అయితే వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు లోపల సంతోషంగా ఉండేది. నేను ఒక్క మాట కూడా విడమరచి చెప్పక్కర్లేదు, కథే పని చేస్తుంది అనుకున్నాను. చివరి బెంచీ వైపు మాత్రం చూసేదాన్ని కాదు. చూస్తే ఆ పిల్లను వేలెత్తి చూపించినట్టవుతుందని.

కథ అయిపోయాక ఒక పని చెప్పాను. ఎవరైనా ముందుకు వచ్చి, తామే ఆ నల్లపిల్ల అనుకుని, ఆ బడిలో మొదటి రోజు ఎలా గడిచిందో తమ మాటల్లో చెప్పాలి. మగపిల్లలిద్దరు వచ్చి తడబడి కూర్చున్నారు. తరువాత ప్రెసిడెంటు గారి అమ్మాయి లేచింది. మంచి గొంతు ఆ పిల్లది. చేతులు కట్టుకుని నిలబడి మొదలుపెట్టింది.

"మా అమ్మ నాకు ఉతికిన గౌను తొడిగింది. నేను బడికెళ్ళి బెంచీ మీద కూచున్నాను. కూచోగానే అందరూ లేచి పక్క బెంచీలోకి పోయారు. ముక్కులు మూసుకున్నారు. నీచు వచ్చింది, నీచు వచ్చింది అన్నారు."

చెప్పిన పిల్ల అక్కడే ఆగిపోయింది. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో తనకే తెలియనట్టు నా వైపు చూసింది. వెనక బెంచీ కిర్రుమంది. చేపలవాళ్ళమ్మాయి పుస్తకాలు సంచీలో పెట్టుకుంది. తొందర పడలేదు. నేను పిలుస్తూనే ఉన్నాను. గుమ్మం దాటి, ఎండలో ఆటస్థలం అడ్డంగా నడిచి గేటు బయటికి వెళ్ళిపోయింది.

సోమవారం రాలేదు. ఆ వారమంతా రాలేదు.

తరువాతి శనివారం ఒంటిపూట బడి వదిలాక నేను గట్టు మీద నడిచి వాళ్ళ ఊరికి బయలుదేరాను. రేవులో ఒకావిడ ఖాళీ తట్టలతో దోనె ఎక్కుతుంటే ఆవిడతో పాటు ఎక్కాను. కొల్లేటి లంకలో దిబ్బ మీద నలభై గుడిసెలు ఉంటాయేమో. తాళ్ళ మీద వలలు, చాపల మీద ఎండు చేపలు. వాళ్ళమ్మ నన్ను చూసి కంగారు పడి, కొత్త చాప వేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. తాగుతానో తాగనో అని. నేను తీసుకుని తాగాను. ఆవిడ భర్త చేపల వేటకు వెళ్ళాడట.

అమ్మాయి చాలాసేపటికి గాని బయటికి రాలేదు. వచ్చి గుంజ పక్కన నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆ కథ నా కోసమే తెచ్చారా టీచర్?" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. "అవును" అన్నాను.

"నాకు మొదటి రోజే తెలిసింది."

"వాళ్ళకు నీ బాధ తెలియాలని..."

"తెలిసింది గదండీ. ఏడ్చారు గూడా. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మళ్ళా అదే బెంచీలో కూచున్నారు. వాళ్ళేడిస్తే నాకేం వచ్చిద్ది?"

వాళ్ళమ్మ "ఒసేయ్, పంతులమ్మ గారితో అట్టాగేనా మాట్టాడేది?" అని గదమాయించింది. నేను చెయ్యెత్తి ఆవిడను ఆపాను. ఆ పిల్ల అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి.

"ఆ పుస్తకంలో ఆ పిల్ల ఎప్పుడూ ఏడుపేనండీ. బడికెళ్తే ఏడుపు, ఇంటికొస్తే ఏడుపు. మేం ఇక్కడ రోజంతా ఏడుస్తా కూచోం. మా నాన్న దోనె మీద చెప్పే కబుర్లకి మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వుతాం. మాలాంటోళ్ళు నవ్వే పుస్తకం లేదా టీచర్? అందరూ జాలి పడే పుస్తకమేనా ఉండేది?"

చూస్తాను అన్నాను. నేను దోనె ఎక్కేదాకా ఆ పిల్ల వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు తియ్యలేదు.

ఆ సాయంత్రమే విజయవాడ బస్సెక్కాను. ఆదివారం పొద్దున్నే నాన్నను అడిగాను, చేపలు పట్టేవాళ్ళు నవ్వే పుస్తకం ఎక్కడైనా ఉంటుందా అని. ఆయన కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, చేతికంటిన మైదా జిగురు తుడుచుకుని, చొక్కా వేసుకున్నారు. రథం సెంటర్ వెనక సందుల్లో చిత్తు కాగితాల గోడౌన్లు ఒక్కొక్కటే తిరిగాం. తోపుడుబండ్ల మధ్య నుంచి తప్పుకుంటూ, మూటలు విప్పిస్తూ, దుమ్ముకు తుమ్ముతూ. చేపల గురించి దొరికినవన్నీ ప్రభుత్వం వేసిన పెంపకం పుస్తకాలు. ఇక వెళ్ళిపోదాం అనుకుంటుండగా ఒక కట్ట అడుగున నాన్నకు దొరికింది. ఉత్తరాన ఎక్కడో మంచు సముద్రం పక్కన బతికే జాలరుల కథలు, తెలుగులో. అందులో ఒక ముసలమ్మ ఉంది. పట్నం నుంచి వాళ్ళను దబాయించడానికి వచ్చిన అధికారిని పడవ ఎక్కించి, మూడు అలలకే వాడి టోపీ వాడే పట్టుకోలేని స్థితికి తెచ్చి, వాడితోనే తెడ్డు వేయిస్తుంది. గోడౌన్ మెట్ల మీద నిలబడి చదువుతూ నేను గట్టిగా నవ్వేశాను.

సోమవారం బడికి వెళ్ళేసరికి హెడ్మాస్టర్ గారు వరండాలో నా కోసం నిలబడి ఉన్నారు. ఆయన మొహం చూడగానే ఏదో జరిగిందని తెలిసింది.

"ఏం కథలు చెప్పావమ్మా పిల్లలకి? ప్రెసిడెంటు గారింట్లో గొడవైంది. చేపలమ్మే ఆవిడ అరుగెక్కి వెళ్ళాక పనిమనిషి అరుగు కడుగుతుంటే, వాళ్ళమ్మాయి అడ్డం పడిందట. ఆవిడ తెచ్చిన చేప తింటాం, ఆవిడ కూచున్న అరుగెందుకు కడుగుతాం అని నాయనమ్మని నిలదీసిందట. పెద్దావిడ అన్నం మానేసి పడుకుంది."

నేను చేతిలోని పుస్తకాల సంచీ కింద పెట్టాను.

"పైగా నీ కథల మూలంగా ఆ చేపలవాళ్ళ పిల్ల బడి మానేసిందని చెప్పుకుంటున్నారు. వాళ్ళ నాన్నకీ కబురు పంపించాను, పిల్లను తీసుకుని రమ్మని. రేపు మధ్యాహ్నం కమిటీ వాళ్ళొస్తారు. వాళ్ళ ముందు నువ్వే సంజాయిషీ చెప్పుకో. నాకు రిటైర్మెంట్ దగ్గర పడింది తల్లీ."

కొత్త ఉద్యోగం. ఇంకా పర్మనెంటు కాలేదు. ప్రెసిడెంటు గారు తలుచుకుంటే ఒక్క కాగితంతో నన్ను ఇంటికి పంపగలరు.

మంగళవారం మధ్యాహ్నం ముగ్గురు పెద్దమనుషులు వచ్చి నా తరగతి గదిలోనే కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. పిల్లలను బయటికి పంపమంటారేమో అనుకున్నాను. ప్రెసిడెంటు గారు వద్దన్నారు. "పిల్లల ముందు చెప్పిన కథేగా. పిల్లల ముందే విందాం. ఏదండీ పంతులమ్మగారూ, మా పిల్లకి ఏం నూరిపోశారో మాకూ వినిపించండి." గొంతు పెంచలేదు. అండీ అనడం మానలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడే చేపలవాళ్ళమ్మాయి తండ్రి గుమ్మం దగ్గరికి వచ్చాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనక అమ్మాయి. హెడ్మాస్టర్ గారు లోపలికి రమ్మన్నా ఆయన గడప దాటలేదు. అమ్మాయి మాత్రం నడిచి వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంది.

బల్ల మీద రెండు పుస్తకాలు ఉన్నాయి. హెడ్మాస్టర్ గారు కళ్ళతోనే పాఠ్యపుస్తకం వైపు సైగ చేశారు. నేను మొదటి పుస్తకమే తీశాను. దాచినట్టు కనిపించకూడదని. నల్లపిల్ల బడికి బయలుదేరే ముందు వాళ్ళమ్మ స్నానం చేయించే ఘట్టం చదివాను. ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆ తల్లి సబ్బుతో రుద్ది రుద్ది, పిల్ల మెడ మీద చర్మం లేచిపోయే దాకా రుద్దుతుంది. పిల్ల మంట అంటే, ఓర్చుకో తల్లీ అంటుంది.

నేను పేజీ తిప్పబోతుంటే గుమ్మం దగ్గర నుంచి మాట వినిపించింది.

"మా ఇంట్లోదీ అంతేనండయ్యా."

అందరూ అటు తిరిగారు. ఆయన ఎవరి మొహంలోకీ చూడకుండా నేల చూపులతో చెప్పాడు. "పిల్ల బడికి పోయే ముందు నిమ్మడిప్పతో చేతులు రుద్దిద్దండి దాని తల్లి. వాసన రాగూడదని. ఉప్పేసి మరీ రుద్దిద్ది. చర్మం పగిలి నెత్తురొచ్చింది గూడా. ఈ కథ మాకు తెలవదు గానండీ, ఇది అబద్ధం కథ కాదండి."

లంకలో ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని ఎందుకు నిలబడిందో నాకు అప్పుడు తెలిసింది.

కమిటీలో ఒకాయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. "నిన్నెవడు మాట్టాడమన్నాడ్రా?" ప్రెసిడెంటు గారు కూతురి వైపు చూస్తున్నారు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"నాన్నా, ఆ పేరు పెట్టింది నేనే. ఆరో తరగతిలో. టీచర్ నాకేం నూరిపొయ్యలేదు. నేనే పెట్టాను."

"ఏం పేరు?" అన్నారాయన.

ఆ పిల్ల చెప్పలేకపోయింది. గదిలో ఇంతమంది పిల్లలు ఉన్నారు, రెండేళ్ళుగా అందరి నోట్లో నానిన మాట అది, ఒక్కరూ పలకలేదు. చివరికి వెనక బెంచీలోంచి ఆ అమ్మాయే అంది.

"నీచు అంటారండి నన్ను."

సాగదీయకుండా, మామూలుగా అంది. ప్రెసిడెంటు గారు ఏం ఆలోచిస్తున్నారో ఆ మొహంలో నాకు ఏమీ తెలియలేదు. తరువాత లేచి, కండువా సర్దుకుని, బల్ల మీద ఉన్న రెండో పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేంటి?"

"చేపలు పట్టేవాళ్ళ కథలండీ. నవ్వొచ్చే కథలు."

"నవ్వొచ్చే కథలైతే చదువుకోండి" అన్నారు. ఆ గొంతులో అనుమతి ఉందో, ఎగతాళి ఉందో నేను తేల్చుకోలేకపోయాను. గుమ్మం దగ్గర ఆ తండ్రి పక్కకు తప్పుకున్నాడు. ఆయన వైపు చూడకుండానే ప్రెసిడెంటు గారు బయటికి నడిచారు. తక్కిన ఇద్దరూ వెంట వెళ్ళారు.

ఆడపిల్లలిద్దరూ ఆ రోజే ఒకరినొకరు కావిలించుకున్నారని రాస్తే బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. ప్రెసిడెంటు గారి అమ్మాయి మర్నాడు తన సంచీ తెచ్చి చివరి బెంచీలో, ఒక మనిషి పట్టే జాగా వదిలి కూర్చుంది. "కూచోనా?" అని అడిగింది. "బెంచీ బళ్ళోది. నన్నెందుకడుగుతావ్?" అంది ఆ పిల్ల. ఇద్దరి మధ్య ఆ జాగా చాలా రోజులు అలాగే ఉంది. ఒకరోజు ఒక పుస్తకం ఇద్దరూ చూసుకోవలసి వచ్చింది, ఆ రోజు తగ్గింది.

ఆ శనివారం రెండో పుస్తకం నేను చదవలేదు. చేపలవాళ్ళమ్మాయి లేచి వచ్చి, "నేను చదువుతానండి" అని చెయ్యి చాపింది. వేళ్ళ కణుపుల మీద పగుళ్ళు ఇంకా మానలేదు. ముసలమ్మ మాటలన్నీ తమ లంక యాసలోకి మార్చి చదివింది. అధికారి టోపీ నీళ్ళలో పడ్డ చోట మగపిల్లలు బల్లలు చరిచి నవ్వారు. చదివే పిల్ల కూడా నవ్వాపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. దోనె ఊగుతుంటే కాళ్ళు ఎక్కడ నిలపాలో ఎవరో అడిగితే లేచి నిలబడి చేసి చూపించింది. ఆ పేరు మా తరగతిలో మళ్ళీ వినబడలేదు. తొమ్మిదో తరగతివాళ్ళు మాత్రం వరండాలో అంటూనే ఉన్నారు. ఒకసారి దాని మీద మా తరగతి మగపిల్లలు వాళ్ళతో కొట్లాటకు దిగితే నేను వెళ్ళి విడదీశాను.

వేసవి సెలవుల్లో నాకు బదిలీ కాగితం వచ్చింది. మైలవరం దగ్గర ఒక బడికి. అది ప్రెసిడెంటు గారి పనో, మామూలుగా వచ్చిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వెళ్ళే ముందు రెండు పుస్తకాలూ బడి బీరువాలో పెట్టి, తాళం చెవి హెడ్మాస్టర్ గారికి ఇచ్చాను. ఆయన కాసేపు దాన్ని చేతిలో తిప్పి, "శనివారం పీరియడ్ ఉంచుతానులేమ్మా. చదవడానికి ఆ పిల్ల ఉందిగా" అన్నారు. ఆ అమ్మాయి పదో తరగతి దాకా అక్కడే చదివి ప్యాసయిందని తరువాత ఆయనే ఉత్తరం రాశారు.

మైలవరం వైపు బడిలో చేపలవాళ్ళ పిల్లలు లేరు. కొండ దిగువ తండాల నుంచి నడిచి వచ్చే పిల్లలు కొందరు ఉన్నారు. గోడ వారగా వేరే కూర్చునేవాళ్ళు. చేరిన మొదటి శనివారమే కథ చదవమని పిల్లలు అడిగారు. ట్రంకు పెట్టెలో పుస్తకాలు ఉన్నాయి. కానీ వెంటనే తియ్యలేదు. ముందు కొన్నాళ్ళు విరామం గంట కొట్టినప్పుడల్లా వరండాలో ఒక మూల కుర్చీ వేసుకుని, పిల్లలు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటున్నారో వింటూ కూర్చున్నాను.